మెలిస్ చేసిన బాక్సు వణకదు

కారు డిక్కీలో పాటల్ని దడదడలాడించే సబ్‌వూఫర్ బాక్సు పెట్టించుకోవాలని వచ్చినవాణ్ణి మెలిస్ ఏమీ అడగడు. అడిగితే అబద్ధం చెబుతారని అతని గట్టి నమ్మకం. డిక్కీ తలుపు పైకెత్తి, లోపల పరిచిన పట్టా మడత విప్పి, మూలల్లో వేలితో గీకి, దొరికినదాన్ని వెలుతురులో పెట్టి చూస్తాడు. ఆ తర్వాతే జేబులోంచి టేపు తీస్తాడు.

సరస్సు దాపున, కొండల కింద ఉన్న కరకోల్ ఊరి చివర, ఆదివారం పశువుల సంత జరిగే మైదానం పక్కన, వరసగా నిలబెట్టిన ఇనుప కంటైనర్లలో నాలుగోది అతని దుకాణం. ఒక పక్క టైర్లవాడు, ఇంకో పక్క బ్యాటరీలవాడు. మధ్యలో మెలిస్ రంపం మోగుతుంటే ఆ ఇద్దరూ గొంతు పెంచి మాట్లాడుకుంటారు. అతనికి యాభై ఎనిమిదేళ్ళు. మీసాల్లో ఎప్పుడూ రంపప్పొట్టు ఉంటుంది. అది నెరుపా పొట్టా అన్నది వేసవిలో పని తక్కువగా ఉన్నప్పుడు గానీ తేలదు.

ఆ ఏడాది ఆగస్టు మొదట్లో ఎల్దియార్ అనే కుర్రవాడు తన ఫిట్ కారు వేసుకొచ్చాడు. ఆ వైపు రెండు కార్లకి ఒకటి ఫిట్టే. చిన్న కారు, వెనక తలుపు నిట్టనిలువుగా పైకి లేస్తుంది.

"డిక్కీ ఖాళీయే బైకె. నేనేం వేసుకోను అందులో," అన్నాడు ఎల్దియార్, పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచినట్టు బైకె అని పిలుస్తూ. "ఎంత పెద్ద బాక్సు పడితే అంత పెద్దది కొట్టండి. వీధి చివర ఉండగానే నేనొస్తున్నానని తెలియాలి."

మెలిస్ మూలలో గీకి అరచెయ్యి చాపాడు. రెండు ఎండిన గొర్రె పెంటికలు.

"ఇవేంటి?"

"అవా... మా మామయ్యవి."

"మామయ్య డిక్కీలో కూర్చుని వెళ్ళాడా?"

టైర్లవాడు నవ్వు ఆపుకోలేక టైరు వదిలేస్తే అది దొర్లుకుంటూ రోడ్డు మీదికి పోయింది. ఎల్దియార్ చెవులు ఎర్రబడ్డాయి. ఆదివారం సంతలో గొర్రెని కొన్నవాడు దాన్ని ఎక్కడ పెట్టుకుని ఇంటికి పోతాడు? కాళ్ళు కట్టి డిక్కీలో పడుకోబెట్టుకునే కదా పోతాడు. విందుకైనా అంతే, వియ్యంకుల ఇంటికైనా అంతే. కొత్త కారు కొన్నవాడికి మాత్రం ఆ మాట ఒప్పుకోవాలంటే నామోషీ.

బాక్సులు రెండే రకాలు. అన్ని వైపులా మూసేసినది ఒకటి, పక్కన గొట్టం పెట్టి గాలి బయటికి వదిలేది ఇంకొకటి. గొట్టం బాక్సు గట్టిగా అరుస్తుంది, చోటు తింటుంది. మూసిన బాక్సు తక్కువ చోట ఒదిగి, అరవకుండా లోతుగా పలుకుతుంది. కుర్రవాళ్ళంతా గొట్టమే అడుగుతారు. మూడేళ్ళ కిందట మెలిస్ ఒక టాక్సీవాడికి గొట్టం బాక్సే చేసిచ్చాడు. వాడు దాని పక్కన పొట్టేలుని పడుకోబెట్టి, దారిలో తింటుందని ఇంత ఎండుగడ్డి వేశాడు. పొట్టేలు గడ్డి తిన్నంత తిని, మిగిలినదాన్ని మూతితో గొట్టంలోకి నెట్టింది. బాక్సు మూగబోయింది. యాంప్లిఫయర్ కాలిపోయిందనుకుని టాక్సీవాడు వారం రోజులు మెలిస్‌ని తిట్టాడు. చివరికి గొట్టంలోంచి లాగితే బారెడు గడ్డి వచ్చింది.

అప్పటినుంచి డిక్కీ ఏం చెబితే అదే చేస్తాడు మెలిస్. మనిషి చెప్పేది చెవిన వేసుకోడు. ఎల్దియార్‌కీ మూసిన బాక్సే చేసిచ్చాడు. ఇది అతని గొప్పతనం, అతని తెగులు కూడా.

అతను పుట్టుకతో బాక్సులవాడేమీ కాదు. కుర్రతనంలో బల్లలూ కుర్చీలూ చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. అది మూతపడ్డాక ఇళ్ళకి వంటింటి అల్మారాలు బిగించాడు. పెళ్ళి కుదిరిన మేనల్లుడు ఒకడు బతిమాలితే మొదటి బాక్సు చేశాడు. మూసిన బాక్సులో ఉన్ని కూరితే ఊఫర్ తానింకా పెద్ద బాక్సులో ఉన్నాననుకుని పలుకుతుందని ఎవరో చెప్పారు. ఉన్నికేం కొదవ? గొర్రెమీంచి కత్తిరించినది కత్తిరించినట్టే, జిడ్డుతో సహా, కుక్కి మూసేశాడు. జూలైలో పెళ్ళి. సరస్సు ఒడ్డున ఫోటోలు దిగుతూ కారు రెండు గంటలు ఎండలో ఉంచారు. పెళ్ళికూతురు కారెక్కి, ముక్కు మూసుకుని దిగిపోయింది. ఆ పైన శీతాకాలంలో ఆ బాక్సులోంచి చిమ్మటలు బయలుదేరాయి.

అప్పటినుంచి ఉన్ని పని అతని భార్య కెంజెగుల్ తన చేతుల్లోకి తీసుకుంది. మూడు నీళ్ళలో ఉతికి, ఎండబెట్టి, వేళ్ళతో విడదీసి ఇస్తుంది. ఉన్నిని తడిపి తొక్కి మందపాటి పట్టాలు చేయడంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. బాక్సు పైన అతికించే పట్టా ఆమెదే, బాక్సు కింద నాలుగు మూలలా పెట్టే నాలుగు పట్టా ముక్కలూ ఆమెవే. ఆ ముక్కల వల్లే బాక్సు దడదడ కారు రేకుకి అంటదు.

పని అయ్యాక ఒక పరీక్ష ఉంది. ఆ ఊళ్ళలో చుట్టం వస్తే టీ గిన్నెలో సగమే పోస్తారు. నిండా పోస్తే ఇక వెళ్ళిరమ్మని అర్థం. మెలిస్ తన బాక్సుకి మాత్రం నిండా పోస్తాడు. అంచుదాకా నిండిన గిన్నెని బాక్సు మీద పెట్టి, పాట పెట్టి, మూడు నిమిషాలు చూస్తాడు. చుక్క ఒలికితే బాక్సు ఇవ్వడు, విప్పి మళ్ళీ చేస్తాడు. మెలిస్ చేసిన బాక్సు వణకదని సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటా పేరు. ఆ మాట విన్నప్పుడల్లా విననట్టు మొహం పెట్టి రెండోసారి చెప్పించుకుంటాడు.

అలాంటివాడి దగ్గరికి ఆగస్టు మూడో ఆదివారం సంత ముగిశాక బురుల్ వచ్చింది. అరవై మూడేళ్ళ మనిషి. దగ్గర్లోని అక్‌సూ ఊళ్ళో ఇల్లు, సంతలో గొర్రెల బేరం. తనే కారు నడుపుకుంటూ వస్తుంది, తనే గొర్రె వెనక్కాళ్ళు పట్టుకుని ఎత్తి డిక్కీలో వేస్తుంది. ఆమెతో బేరమాడి గెలిచినవాడు ఆ మైదానంలో లేడు.

"మెలిస్, నా బండికి ఆ దడదడ పెట్టె ఒకటి చెయ్యి," అంది.

"ఎవరికి ఎజె?" అన్నాడు మెలిస్. ఆమె అతనికి అక్క వరస.

"నాకే. పాటలంటే ఇష్టం."

"ఇన్నాళ్ళూ లేని ఇష్టం ఇప్పుడెక్కణ్ణించి వచ్చింది?"

"నీకు మీసాలు నెరిశాక బుద్ధొచ్చిందిగా, నాకు ఇష్టం వచ్చింది. చేస్తావా, పక్క ఊరు పొమ్మంటావా?"

మెలిస్ నవ్వుతూ డిక్కీ ఎత్తాడు. అది తెరిచిన పుస్తకంలా ఉంది. ఉన్ని పోగులు, పెంటికలు, కాళ్ళు కట్టే తాడు, ఒక మూల ఉప్పుగడ్డ. చదవడానికి క్షణం పట్టలేదు.

"మూసిన బాక్సు ఎజె. సన్నగా, సీటు వెనక వాలులోనే నిలబెడతాను. గొర్రెకి చోటు తగ్గదు."

"పెద్దగా మోగేది కావాలి."

"పెద్దది పెడితే గొర్రె మీ ఒళ్ళో కూర్చోవాలి."

బురుల్ వెనక సీటు మీద చెయ్యి వేసి, దాన్ని అటూ ఇటూ కదిపి చూసింది.

"సరే, సన్నదే చెయ్యి. కానీ దీనికి ఆనించి పెట్టు. ఇక్కడ కూర్చున్నవాళ్ళ వీపుకి తెలియాలి."

"వీపుకి తెలిస్తే అది చెడ్డ బాక్సు ఎజె. చెవికి తెలియాలి."

"నాకు వీపుకే తెలియాలి."

"మీరు గొర్రెల సంగతి చెప్పండి, వింటాను. బాక్సుల సంగతి నాకొదిలెయ్యండి," అన్నాడు మెలిస్, టేపు లాగుతూ. బురుల్ ఇంకేదో అనబోయి, బ్యాటరీలవాడు చెవులు రిక్కించి వింటున్నాడని చూసి, నోరు మూసుకుంది.

ఆమె మింగేసిన మాట ఏమిటో మెలిస్‌కి పదకొండు రోజుల తర్వాత గానీ తెలియలేదు. మనకి ఇప్పుడే తెలిస్తే మంచిది.

బురుల్ పెద్ద కొడుకు తొలి బిడ్డ బేగాయ్. తొలి బిడ్డ కనుక ఆ వైపు ఆచారం ప్రకారం నాయనమ్మ ఒడికి వచ్చేసింది, ఆమె బిడ్డగానే పెరుగుతోంది. కన్నవాళ్ళు మందలతో కొండమీద ఉంటారు. మూడో ఏట జ్వరం వచ్చి పిల్లకి వినికిడి పోయింది. ఇప్పుడు ఎనిమిదేళ్ళు. రాజధాని బిష్కెక్‌లో వినపడని పిల్లల బడిలో ఉంటుంది, సెలవలకి బురుల్ వెళ్ళి తెచ్చుకుంటుంది. ఆరు గంటల దారి. ఇంట్లో అయితే ఇద్దరూ చేతులతో రోజంతా కబుర్లాడుకుంటారు. కారులో బురుల్ చేతులు స్టీరింగు మీద ఉంటాయి, మొహం రోడ్డు వైపు ఉంటుంది. వెనక సీట్లో పిల్లకి కనిపించేది నాయనమ్మ తలకి కట్టిన రుమాలు వెనక భాగం ఒక్కటే. ఆరు గంటలపాటు దానితో పలికేవాళ్ళు లేరు. అందుకని ముందు సీటుని తంతుంది, ఏడుస్తుంది. మొన్న వసంతం సెలవలకి తెస్తుంటే, బూమ్ లోయలో, ఏటి పక్క మలుపులో, బెల్టు విప్పేసుకుని సీట్ల మధ్యనుంచి దూరి బురుల్ మెడ కావలించుకుంది. కారు గులకరాళ్ళలోకి దిగి, ఏటికి రెండు గజాల ఇవతల ఆగింది.

బురుల్ ఎవరికీ చెప్పలేదు. తనలో తనే ఒక నిర్ణయానికి వచ్చింది. సెప్టెంబరు బడికి దింపేటప్పుడు పిల్ల మళ్ళీ బెల్టు విప్పితే, ఇక సెలవలకి తీసుకురాకూడదు. వేసవిదాకా అక్కడే ఉంచెయ్యాలి. ఇంటికి దూరంగానైనా ప్రాణంతో ఉంటుంది. ఆ నిర్ణయం తీసుకున్నప్పటినుంచీ ఆమెకి తిండి సహించడం లేదు.

జూన్‌లో ఒక పెళ్ళి విందులో, ఎవరో కుర్రవాడి కారు దడదడలాడుతుంటే బేగాయ్ వెళ్ళి దాని తలుపుకి వీపు ఆనించి గంటసేపు కదలకుండా నిలబడింది. కళ్ళు మూసుకుని, హాయిగా. బురుల్ అది చూసింది. మరిదితో చెప్తే, వినపడని పిల్లకి పాటలపెట్టె కొంటావా అని పగలబడి నవ్వాడు. అందుకే మెలిస్‌తో, నాకే, అని చెప్పింది.

ఇవేమీ తెలియని మెలిస్ కారు తన దగ్గరే ఉంచుకుని ఆ రోజే పని మొదలుపెట్టాడు. బురుల్ గొర్రెల్లో అమ్ముడుపోని పొట్టేలు ఒకటి ఉంటే, దాని కాళ్ళు కట్టి డిక్కీలో పడుకోబెట్టి, చుట్టూ సుద్దతో గీత గీశాడు. టేపు కొలత తప్పవచ్చు గానీ పొట్టేలు కొలత తప్పదంటాడు. గీతకీ సీటుకీ మధ్య మిగిలిన చోటే బాక్సుది. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా వచ్చేలా ప్లైవుడ్‌ని ఏటవాలుగా కోశాడు. అంచులకి జిగురు పెట్టి, స్క్రూలు బిగించి, లోపలి సందులన్నీ మూశాడు. ఉతికిన ఉన్ని గుప్పెళ్ళతో వదులుగా పరిచాడు. సీటు వీపుకీ బాక్సుకీ మధ్య రెండు వేళ్ళ సందు వదిలాడు, ఎక్కడా ఒకదానికొకటి తగలకూడదని.

"ఆమె ఆనించమందన్నావుగా?" అంది కెంజెగుల్, బాక్సు మీద పట్టా అతికిస్తూ.

"వీపుకి తెలియాలట," అని నవ్వాడు మెలిస్. "అదేమన్నా సున్నిపిండా, వీపుకి రాయడానికి?"

"ఎందుకని అడిగావా?"

"డిక్కీ చూశాను."

"డిక్కీ మాట్లాడుతుంది గానీ మనిషి మాట్లాడదన్నమాట," అంది కెంజెగుల్. మెలిస్ పట్టించుకోలేదు. పట్టా కింది అంచుకి ఆమె పొట్టేలు కొమ్ముల ముగ్గు కుట్టింది, బురుల్ వృత్తికి తగినట్టుగా. అంత మంచి బాక్సు తన జన్మలో చేయలేదని మెలిస్ అనుకున్నాడు. నిజమే, చేయలేదు.

పదకొండో రోజు, గురువారం పొద్దున్న, బురుల్ వచ్చింది. వెంట పిల్ల ఉంది. రెండు జడలు, మోకాలి మీద గాయం, జేబునిండా తినడానికి ఎండబెట్టిన పెరుగుండలు. శనివారం తెల్లవారి బిష్కెక్ ప్రయాణం.

మెలిస్ బాక్సుని డిక్కీలో నాలుగు పట్టా ముక్కల మీద దించి, తీగలు కలిపి, ఇంకో ఇంటి అల్మారాకి పలక ఒకటి మిగిలిపోతే దాన్ని కోసేసి వద్దామని లోపలికి వెళ్ళాడు. రంపం బల్ల మోగుతోంది. తలెత్తి చూస్తే బల్ల అవతలి చివర పిల్ల నిలబడి ఉంది. రెండు అరచేతులూ బల్ల మీద పరిచింది. తర్వాత వంగి చెంప కూడా ఆనించి కళ్ళు మూసుకుంది. మెలిస్ మిషను ఆపి, పిల్ల రెక్క పట్టి వెనక్కి లాగాడు.

"వేళ్ళు తెగుతాయే పిచ్చిపిల్లా."

పిల్ల కళ్ళు తెరిచి, నిద్రలోంచి లేపినవాణ్ణి చూసినట్టు చూసింది. బయటికి పోయింది.

ఆ తర్వాత పరీక్ష. అంచుదాకా టీ పోసిన గిన్నె బాక్సు మీద పెట్టాడు. బురుల్ పిల్లని వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తలుపు వేసి, తను ముందు కూర్చుని పాట పెట్టింది. లోతైన చప్పుడు కంటైనర్ల వరస పొడుగునా పాకింది. గిన్నెలో టీ మీద చిన్న ముడత కూడా లేదు. టైర్లవాడు చప్పట్లు కొట్టాడు.

బురుల్ గిన్నె వైపు చూడలేదు. అద్దంలో పిల్లని చూస్తోంది. పిల్ల కిటికీలోంచి కాకిని చూస్తోంది.

"ఇంకా పెంచొచ్చా?" అంది బురుల్.

"పెంచండి ఎజె. పగలదు."

పెంచింది. బ్యాటరీలవాడి కిటికీ అద్దాలు జుయ్యిమన్నాయి. పిల్ల కాకి ఎగిరిపోయేదాకా చూసి, విసుగెత్తి, ముందు సీటుని కాలితో తన్నింది. ఒకటి, రెండు, మూడు.

బురుల్ పాట ఆపేసింది.

"బాగుంది మెలిస్," అంది. "గొర్రె పడుతుంది."

అంతే అని కారు తీసుకుని వెళ్ళిపోయింది. బేరాల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు మూయని మనిషి, ముగ్గు గురించి కూడా ఒక మాట అనలేదు. కారు మలుపు తిరుగుతుంటే మెలిస్‌కి ముందు సీటు వెనక వైపు కనబడింది. దానినిండా చిన్న బూటు ముద్రలు, ఒకదానిమీద ఒకటి, బట్ట అరిగిపోయేటన్ని. ఇన్ని రోజులు ఆ కారులో దూరి పనిచేసినవాడు డిక్కీ అంతా గీకి చూశాడు గానీ, ముందుకి వంగి ఆ సీటుని ఒక్కసారి చూడలేదు.

"నచ్చలేదామెకి," అన్నాడు కెంజెగుల్‌తో. "చుక్క ఒలకలేదు. ఇంకేం కావాలి?"

"ఆ పిల్లకి వినపడదు. బురుల్ దానితో చేతులతో మాట్లాడుతుంటే చూశాను. తెలియదా నీకు?"

"నాకెవరు చెప్పారు?"

"ఆమె చెప్పిందిగా. వీపుకి తెలియాలని."

మెలిస్ లోపలికి వెళ్ళి రంపం మిషను వేసి, దూరంగా బల్ల చివర రెండు చేతులూ పరిచి, చెంప ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. పలక కోయడానికి కాదు. బల్ల చేతుల్లోకి, దవడలోకి, పళ్ళలోకి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా అది అతని బల్లే. ఆ వణుకుని చంపడానికే ఇన్నాళ్ళూ పట్టా ముక్కలు పెడుతూ వచ్చాడు.

మధ్యాహ్నం పనిముట్ల సంచి వేసుకుని అక్‌సూ వెళ్ళాడు. బురుల్ వాకిట్లో పొయ్యి మీద ప్రయాణానికి బొర్సోక్‌లు వేయిస్తోంది. నూనెలో పిండిముక్కలు ఉబ్బి పైకి తేలుతున్నాయి. గడప మీద పిల్ల పెట్టె సర్దిపెట్టి ఉంది. వేసవి బట్టలతో పాటు చలికోటు, ఉన్ని బూట్లు కూడా అందులోనే ఉన్నాయి. ఆగస్టులో చలికోటు ఎందుకు సర్దారో మెలిస్ ఈసారి అడిగాడు.

"సెలవలకి తేకపోతే అక్కడ చలికి కావాలిగా," అంది బురుల్, జల్లిగరిటె తిప్పుతూ. ఆ తర్వాత లోయ సంగతీ, ఏటి సంగతీ, తన నిర్ణయం సంగతీ చెప్పింది. పొయ్యిలో చూస్తూ చెప్పింది.

"తప్పు చేశాను ఎజె," అన్నాడు మెలిస్. "బాక్సు బాగుంది. కానీ మీరడిగింది అది కాదు. తాళం ఇవ్వండి."

బాక్సు బయటికి తీశాడు. కింద ఉన్న నాలుగు పట్టా ముక్కలూ పీకి జేబులో వేసుకున్నాడు. వెనక సీటు వీపు మీది బట్ట కింది అంచు విప్పితే ఇనుప రేకు బయటపడింది. తను ముచ్చటపడి వదిలిన రెండు వేళ్ళ సందులో గట్టి చెక్క బద్దీలు పెట్టి, బాక్సుని, బద్దీలని, రేకుని కలిపి ఆరు బోల్టులు బిగించాడు. ప్రతి బోల్టూ బిగించి, చేత్తో కొట్టి, సీటు అవతల చెయ్యి పెట్టి చూశాడు. ఊరందరి బాక్సులకీ వణుకు తీసినవాడు ఈ బాక్సుకి వణుకు పెడుతున్నాడు. పని కష్టమనిపించలేదు గానీ కొత్తగా అనిపించింది.

"టీ కావాలి ఎజె. నిండా పొయ్యండి."

బురుల్ పోసి ఇచ్చింది. గిన్నె బాక్సు మీద పెట్టాడు. పిల్లని సీట్లో కూర్చోబెట్టారు. పిల్ల అలవాటుగా కాలెత్తింది. బురుల్ పాట పెట్టింది.

కారు వెనక నంబరు పలక గిలగిల్లాడింది. గిన్నె బాక్సు మీద కొంచెం కొంచెంగా నడుచుకుంటూ అంచుదాకా వెళ్ళి, డిక్కీలో పడి, టీ అంతా కెంజెగుల్ కుట్టిన పొట్టేలు కొమ్ముల మీద ఒలికింది. మెలిస్ దాని వైపు చూడలేదు. తెరిచిన పక్క తలుపు దగ్గర నిలబడి పిల్ల కాలునే చూస్తున్నాడు. ఎత్తిన కాలు అక్కడే ఆగింది. మెల్లగా కిందికి దిగింది. పిల్ల వీపు వెనక్కి చెయ్యి పెట్టి సీటు తడిమి, చెయ్యి తీసేసి, మొత్తం వీపంతా వాల్చింది. భుజాలు వదులయ్యాయి.

బురుల్ పాట ఆపింది. పిల్ల చటుక్కున తలెత్తి అద్దంలోకి చూసింది. అద్దంలో నాయనమ్మ కళ్ళు ఉన్నాయి. బురుల్ మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆపింది. పిల్ల మళ్ళీ అద్దంలోకి చూసింది. స్టీరింగు మీదినుంచి చెయ్యి తీయకుండా, తల తిప్పకుండా, ఒక్క వేలితో మీట నొక్కి పాట ఆపి, నాయనమ్మ తనని పిలుస్తోందని నాలుగోసారికి పిల్లకి అర్థమైంది. గట్టిగా నవ్వింది. తన నవ్వు ఎంత గట్టిదో తనకి తెలియదు కనుక వీధిలో కుక్క లేచి మొరిగింది.

బురుల్ కిందికి దిగి, ఏదో పని ఉన్నట్టు పొయ్యి దగ్గరికి వెళ్ళి, మాడిపోయిన బొర్సోక్‌లు తీస్తూ రుమాలుతో కళ్ళు తుడుచుకుంది.

"వణికే బాక్సుకి బోల్టులు వదులవుతాయి ఎజె," అన్నాడు పనిముట్లు సర్దుకుంటూ. "పిల్లని సెలవలకి తెచ్చేటప్పుడు నా దగ్గర ఆగండి, బిగిస్తాను."

"తెస్తే," అంది బురుల్.

చలికోటు మాత్రం పెట్టెలోంచి తీయలేదు.

సెప్టెంబరులో గానీ అక్టోబరులో గానీ మెలిస్ ఆమెని పట్టుకుని అడగలేకపోయాడు. గొర్రెలు కొండ దిగే రోజులు, ఆమె సంతకి రావడం, పోవడం అంతా పరుగే. అతను కొత్త బాక్సులకి ఎప్పటిలాగే పట్టా ముక్కలు పెట్టాడు, ఎప్పటిలాగే టీ పెట్టి చూశాడు. ఒక్కటి మారింది. డిక్కీ ఎత్తే ముందు, ఎవరికోసం, అని అడగడం మొదలుపెట్టాడు. అబద్ధాలే చెప్పేవారు. అయినా అడిగేవాడు. కారు తలుపు తీసి సీట్లు కూడా చూసేవాడు.

నవంబరు మొదటి ఆదివారం తొలి మంచు పడింది. ఎల్దియార్ తన బాక్సుకి జాలీ వేయించుకోవడానికి వచ్చి, చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు. బిష్కెక్ నుంచి వచ్చే బాలిక్చి రోడ్డు వైపునుంచి ఒక దడదడ వినిపించింది. లోతుగా కాదు, తలుపులూ, రేకులూ, నంబరు పలకా అన్నీ కలిసి గలగల్లాడుతూ.

"ఎవడు చేశాడో గానీ ఆ బాక్సు," అన్నాడు ఎల్దియార్, "వాడి చేతులు విరగ్గొట్టాలి."

"నేనే," అన్నాడు మెలిస్, చేతులు మసిగుడ్డకి తుడుచుకుంటూ.

బురుల్ కారు, అదీ ఫిట్టే, వచ్చి కంటైనరు ముందు ఆగింది. బూమ్ లోయ బురద కిటికీల దాకా కొట్టుకుని ఉంది. బురుల్ అద్దం దించి పెదాల మీద వేలు పెట్టుకుంది. మెలిస్ ముందుకి వంగి వెనక సీట్లోకి చూశాడు. బేగాయ్ చలికోటు కప్పుకుని, బెల్టు పెట్టుకునే ఉంది. వీపంతా సీటుకి వాల్చి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. ముందు సీటు మీద కొత్త బూటు ముద్ర ఒక్కటి కూడా లేదు.

"పొద్దున్న లోయలోకి దిగాక రెండుసార్లు పిలిచాను. రెండుసార్లూ చూసింది," అంది బురుల్ గుసగుసగా, ఆ దడదడలో గుసగుస ఎవరికి వినపడుతుందని కూడా ఆలోచించకుండా. "తర్వాత నిద్రపోయింది. వెళ్ళేటప్పుడూ అంతే."

"బోల్టులు బిగించాలి ఎజె. పాట ఆపండి."

"ఆపితే లేస్తుంది."

మెలిస్ తల ఊపి, పానా తీసి పక్కన పెట్టాడు. కెంజెగుల్ టీ తెచ్చి బురుల్‌కి కిటికీలోంచి సగం గిన్నె అందించింది, అయ్యాక మళ్ళీ సగం పోసింది. అందరూ మంచులో నిలబడి పిల్ల లేచేదాకా కాచుకున్నారు. ఎల్దియార్ కారు చుట్టూ తిరిగి, గిలగిల్లాడుతున్న నంబరు పలకని వేలితో తాకి చూసి, మెలిస్ పక్కకి వచ్చాడు.

"బైకె, మరి దీనిమీద టీ పెట్టి చూశారా?"

"చూశాను," అన్నాడు మెలిస్. "చుక్క మిగలకుండా ఒలికిపోయింది."

అది విననట్టు ఎల్దియార్ ఊరుకుంటే, రెండోసారి కూడా చెప్పాడు.